ట్యాబ్ పేరుతో లెక్కలు: ఏళ్ల తరబడి ఇన్‌డైరెక్ట్ వాడాక

మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు ఆరేళ్లుగా ఎక్సెల్‌లో నేనే చూస్తున్నాను. 24 ఫ్లాట్లు, నెలకో ట్యాబ్, అన్నిటికీ ముందు సమరీ షీటు. మొదటి ఏడాది ఒక్కో నెలకీ విడిగా లింకు ఇచ్చుకున్నా, మళ్లీ ఏప్రిల్ రాగానే 12 లింకులూ మార్చాల్సొచ్చింది. టెక్స్ట్‌గా రాసిన సెల్ చిరునామాని నిజం లింకులా చదివే ఇన్‌డైరెక్ట్ (INDIRECT) ఫంక్షన్ తెలిశాక ఆ చాకిరీ తప్పింది. ఎ కాలమ్‌లో ట్యాబ్ పేర్లు వరుసగా రాసి, పక్కన ఒక్క ఫార్ములా పెట్టి కిందికి లాగితే చాలు, ఏ పేరుంటే ఆ షీటులోంచి మొత్తం వచ్చేస్తుంది.

పేరులో ఖాళీ ఉంటే మాత్రం సింగిల్ కోట్స్ తప్పనిసరి, అంటే ఫార్ములా లోపల తయారవ్వాల్సింది 'ఏప్రిల్ 24'!బి1 అన్న టెక్స్ట్ (బి1, అంటే B1, ఆ నెల మొత్తం ఉండే సెల్).

నన్ను గట్టిగా దెబ్బకొట్టింది వేరే. ఆగస్టు షీటు కాపీ చేసి సెప్టెంబర్ అని పేరు మార్చేటప్పుడు చివర ఒక స్పేస్ పడింది, కంటికి కనపడదు కదా. సమరీలో రెఫ్ ఎర్రర్ (#REF!, ఆ పేరుతో షీటు దొరకలేదని) రావాలి, కానీ ఎర్రర్లు చూడ్డానికి బాగోవని ముందే ఇఫ్‌ఎర్రర్ పెట్టి సున్నా చూపించమన్నాను. సెప్టెంబర్ ఖర్చు సున్నా పడింది, జనరల్ బాడీ మీటింగ్ ముందురోజు రాత్రి బ్యాంకు బ్యాలెన్సుతో లెక్క కుదరక ఒకటే టెన్షన్. ఆ ఇఫ్‌ఎర్రర్ అప్పుడే పీకేశాను, మీరూ పెట్టకండి.

మామూలు లింకైతే ట్యాబ్ పేరు మార్చినా ఎక్సెల్ తనే సర్దుకుంటుంది. ఇన్‌డైరెక్ట్‌కి ఇచ్చేది ఉత్త టెక్స్ట్, పేరు మారినా, పైన వరుస ఒకటి చేర్చినా దానికి తెలీదు. అందుకే ప్రతి నెల మొత్తం షీటు అడుగున కాకుండా పైన బి1లోనే పెడతాను. వేరే ఫైల్లోంచి తెచ్చుకుంటే ఆ ఫైల్ తెరిచే ఉండాలి. ఏ సెల్ మార్చినా ఇది మళ్లీ లెక్కేస్తుంది కాబట్టి వేల ఫార్ములాలుంటే ఫైల్ బరువెక్కుతుంది, మా 12 నెలలకి ఏమీ కాలేదు.

షీటు హెడ్డింగ్‌లో నెల పేరు దానంతటదే రావడానికి సెల్ (CELL) ఫంక్షన్‌తో ఫైల్‌నేమ్ తీసి (అందులో ట్యాబ్ పేరు కూడా వస్తుంది), మూసే స్క్వేర్ బ్రాకెట్ తర్వాతి భాగం వాడుకుంటున్నా. రెండో ఆర్గ్యుమెంట్‌గా ఎ1 ఇవ్వకపోతే చివరగా మార్చిన షీటు పేరే అన్నిచోట్లా పడుతుంది, జాగ్రత్త.

ఏడాది మొత్తం ఒక్కటే కావాలంటే ఇవేవీ అక్కర్లేదు. సమ్ (SUM) ఫంక్షన్‌లో మొదటి ట్యాబ్ పేరు, కోలన్, చివరి ట్యాబ్ పేరు ఇస్తే ఆ రెండిటితో పాటు మధ్య షీట్లన్నిటి బి1 కలిపేస్తుంది, పేర్లలో స్పేస్ పడినా పట్టించుకోదు. ఇప్పుడు దాన్నే సమరీ అడుగున పెట్టి, ఇదీ, పైన నెలల వరుసల మొత్తమూ సరిపోయాకే ప్రింట్ తీస్తున్నాను.