కుందేలు చెవుల దాకా నీళ్లు: బరంపురంలో ఒక ఆఫ్టర్‌స్కూల్ క్లబ్‌తో రెండేళ్లు

ఫీజు ఎంత, ఏసీ ఉందా, వ్యాన్ పంపుతారా అన్నవి వాళ్ల బోర్డు మీదే ఉన్నాయి కాబట్టి వదిలేస్తున్నాను. క్లబ్ పేరు కూడా రాయను. నేను చెప్పాలనుకున్నది ఒక బాత్రూమ్ తలుపు గురించి.

మా పాప అయిదో ఏట చేరింది, ఇప్పుడు ఏడు. మొదటి ఏడాది నేను ఆ క్లబ్‌కి పైసా తీసుకోని ఏజెంటుని. ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో, చివరికి పర్లాకిమిడిలో మా అత్తగారి ఇరుగుపొరుగుకి కూడా గొప్పగా చెప్పాను. దానికి కారణం ఫోటోలు. మధ్యాహ్నం మూడున్నర నుంచి వాట్సాప్ గ్రూప్‌లో వరుసగా పడుతుంటాయి. రంగులు వేస్తూ, మట్టితో ఏనుగుని చేస్తూ, క్యారమ్స్ ఆడుతూ పిల్లలు. ఆఫీసులో కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉన్నా ఓ కన్ను అటు వేసేదాన్ని. పిల్ల కనిపించిందంటే ఆ పూటకి టెన్షన్ తీరిపోయేది.

పోయిన ఆగస్టులో పాపకి జ్వరం వచ్చింది. 102. జలుబు లేదు, దగ్గు లేదు, పొత్తికడుపు నొప్పి అంటుంది. రెండో రోజు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గొంతు చూసి, పొట్ట నొక్కి చూసి, "రోజుకి ఎన్నిసార్లు ఒకటికి వెళ్తుంది?" అని అడిగారు. పొద్దున లేవగానే, మళ్లీ రాత్రి ఇంటికి వచ్చాక అన్నాను. "మధ్యలో?" అన్నారు. నేను పాప వైపు చూశాను. అది తన చెప్పుల వైపు చూసుకుంది.

యూరిన్ కల్చర్ రిపోర్టు రెండు రోజులకి వచ్చింది. ఇన్ఫెక్షనే. ఈ వయసు పిల్లలు రెండు మూడు గంటలకోసారి వెళ్లాలని, ఆపుకుంటూ ఉంటే లోపల క్రిములు పెరుగుతాయని, ఆడపిల్లల్లో ఇది మరీ ఎక్కువని చెప్పి మందులు రాశారు.

ఆ రాత్రి పాప పడుకున్నాక గ్రూప్‌లోని ఫోటోలు వెనక్కి జరుపుతూ చూశాను. మా పాప వాటర్ బాటిల్ నీలం రంగుది, లోపలి నీళ్లు కనిపిస్తాయి, దాని మీద కుందేలు స్టిక్కర్ ఉంటుంది. మూడు యాభైకి తీసిన ఫోటోలో నీళ్లు కుందేలు చెవుల దగ్గర ఉన్నాయి. నాలుగున్నరకి మట్టి ఏనుగు ఫోటోలోనూ చెవుల దగ్గరే. ఆరుంబావుకి స్టార్ ఆఫ్ ద డే అని కాగితం కిరీటం పెట్టి తీసిన దాంట్లోనూ చెవుల దగ్గరే. బాటిల్ కనిపించిన పదకొండు రోజుల ఫోటోలు చూశాను. చెవులు ఒక్కరోజు కూడా తేలలేదు.

ఇందులో నా తప్పు కూడా రాయాలి. ఆ నీళ్లు రోజూ రాత్రి సింకులో ఒంపింది నేనే. ఆర్వో నీళ్లు నింపి పంపిస్తున్నారు, ఎంత శ్రద్ధో అనుకున్నాను!

జ్వరం తగ్గాక, స్నానం చేయిస్తుంటే పాప నోరు విప్పింది. అక్కడి బాత్రూమ్ గడియ బిగుసుకుపోయి ఉంటుందట, దాని చేతికి రాదట. గడియ పెట్టకపోతే పెద్ద క్లాసు పిల్లలు తలుపు తోస్తారు. పైగా లైటు స్విచ్ బయట ఉంది. ఎవరైనా లోపలికి వెళ్తే చాలు, ఒకడొచ్చి లైటు ఆర్పి నవ్వుతాడు. అందుకని మా పాప వెళ్లడం మానేసింది. వెళ్లే పని పడకుండా నీళ్లు తాగడం మానేసింది. ఆరేళ్ల పిల్ల ఎవరికీ చెప్పకుండా ఇంత ఏర్పాటు చేసుకుంది.

మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాను. చాలా మర్యాదగా, "పాప అడిగితే మేం ఎప్పుడూ కాదనం మేడమ్" అన్నారు. అడగలేదు కనకే కదా ఈ గొడవంతా! మర్నాడు గ్రూప్‌లో కొత్త ఫోటో పడింది. "వాటర్ టైమ్" అట. పన్నెండు మంది పిల్లలు వరసగా నిలబడి బాటిళ్లు ఎత్తి నోట్లో పెట్టుకున్నారు. ఫోటో పెద్దది చేసి చూశాను. మా పాప బాటిల్‌కి మూత తియ్యలేదు.

మాన్పించేద్దామని నిశ్చయించుకునే ఆ సాయంత్రం వెళ్లాను. ఆఫీసు గదిలో ఎవరూ లేరు. వెనక పంపు దగ్గర మావుసి గ్లాసులు కడుగుతోంది. అక్కడ ఆయాని పిల్లలందరూ మావుసి అనే పిలుస్తారు, పెద్దవాళ్లం మేమూ అంతే. నాకొచ్చిన ముక్కల ఒడియాలో మొదలుపెట్టాను. ఆవిడ సగంలోనే ఆపి, "నాకు సెప్పలేదేటమ్మా" అంది. బరంపురంలో ఇది మామూలే. ఎవరికి ఏ భాష వచ్చో నోరు తెరిచేదాకా తెలియదు.

మర్నాటికి ఆవిడ చేసినవి రెండే పనులు. స్విచ్ మీద అడ్డంగా నల్ల టేపు అంటించేసింది, ఎవడూ ఆర్పడానికి లేకుండా. బాత్రూమ్ పక్కన తన ప్లాస్టిక్ స్టూలు వేసుకుంది. ఇక మూడోది ఉంది, నాకు బాగా నచ్చింది అదే. "ఒకటికి వెళ్తావా?" అని ఆవిడ ఏ పిల్లనీ అడగదు. అడిగితే ఆటలో ఉన్న పిల్లలు లేదనే అంటారు. నాలుగింటికోసారి, అయిదున్నరకోసారి మా పాప దగ్గరికి వచ్చి, "నాకు తోడు రా, ఒక్కదాన్నే వెళ్లాలంటే బయ్యం" అంటుందట. తలుపు గడియ పెట్టక్కర్లేదు, బయట తన కాలు అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. లోపల ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది, మనిషి అక్కడే ఉందని తెలిసేలా. ఇప్పుడు మా పాపే ఇంకో ఇద్దరు చిన్నపిల్లల్ని వెంటేసుకుని వెళ్తోంది. పది రోజులకి బాటిల్లో నీళ్లు కుందేలు పాదాల దగ్గరికి దిగాయి.

కాబట్టి మాన్పించలేదు. క్లబ్‌లో సంరక్షణ బాగుందా అని ఎవరైనా అడిగితే, మావుసి బాగా చూస్తుంది అంటున్నాను. క్లబ్ బాగుంది అని ఇదివరకటిలా అనలేకపోతున్నాను. హోంవర్క్ శ్రద్ధగా చేయిస్తారు, అది నిజం. ఎండాకాలం మార్నింగ్ స్కూళ్లు పెట్టినప్పుడు పిల్లలు పదకొండింటికే వచ్చేస్తారు, అప్పుడు మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా వంక పెట్టడానికి లేదు. గడియ మాత్రం ఈ రోజుకీ బాగుచెయ్యలేదు.

నా సంగతి వేరని కూడా చెప్పాలి. మా ఆయన ఉద్యోగం పలాసలో, శనివారం రాత్రికి గానీ రారు. అత్తగారికి మోకాళ్లు, పర్లాకిమిడి వదిలి రాలేరు. 50 మంది గానీ అంతకు పైన గానీ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలని 2017లో ప్రసూతి చట్టంలో చేర్చారు గానీ, మా బ్రాంచిలో ఉన్నది పదకొండు మందిమి. ప్రభుత్వం నడిపే పాల్నా క్రెష్‌లు ఆరేళ్ల లోపు పిల్లలకే. ఏడేళ్ల పిల్లని సాయంత్రం ఆరున్నర దాకా చూసేవాళ్లు నాకు ఇంకెక్కడా దొరకలేదు. మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ఈ లెక్క మీకు వర్తించదు. చేర్పించే ముందు మాత్రం ఓ సాయంత్రం చెప్పకుండా అయిదింటికి వెళ్లి బాత్రూమ్ చూసి రండి, స్విచ్ ఎటువైపు ఉందో కూడా చూడండి.

ఇంకొకటి. పోయిన నవంబరులో ఓ లక్ష్మీవారం బాటిల్ మళ్లీ నిండుగా ఇంటికి వచ్చింది. పై వారం మళ్లీ అదే. మిగతా రోజులు బాగానే ఉంది. మావుసిని అడిగితే మాణబసా అంది. మార్గశిర గురువారాల్లో ఒడియా వాళ్లు ఇల్లంతా కడిగి, ముగ్గులేసి లక్ష్మీపూజ చేస్తారు, ఆ రోజుల్లో ఆవిడ పనికి రాదు. మనకీ మార్గశిర లక్ష్మీవారాలు ఉన్నాయి గానీ, మన లెక్కకి అప్పటికింకా కార్తీకమే. వాళ్ల నెల పున్నమి దాటగానే మారుతుంది, మనది అమావాస్య వెళ్లాక. అందుకే నాకు తట్టలేదు. ఆ రోజుల్లో ఆవిడ బదులు ఇంకొకరిని స్టూలు మీద కూర్చోబెట్టమని మేనేజ్‌మెంట్‌ని అడిగాను. "చూస్తాం మేడమ్" అన్నారు.

ఈ ఏడు ఒడియా క్యాలెండరు తెచ్చి వంటింట్లో తగిలించాను. వాళ్ల మార్గశిర గురువారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, ఆ రోజుల్లో నాలుగింటికే బయల్దేరేలా ఇప్పుడే పర్మిషన్లు అడిగి పెట్టుకున్నాను.