గుల్మార్గ్‌లో ఆడాలా, ఊటీలోనా: ఏది మేలు?

పాలమూరు, నల్లగొండ దిక్కు గోల్ఫ్ ఆడేవాళ్ల చెయ్యి అలవాటు పడేది హైదరాబాద్ కోర్సులకే. అక్కడి ఎత్తు సుమారు 1,750 అడుగులు. ఊటీ 7,350, గుల్మార్గ్ 8,700. హైదరాబాద్‌లో కుదిరిన అంచనాలు ఆ కొండల మీద తప్పుతాయి.

గాలి పలచబడే కొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది. వెయ్యి అడుగులకు దాదాపు 1.16 శాతం చొప్పున లెక్కేస్తే, సెవెన్ ఐరన్ (మధ్యరకం దూరాలకు వాడే గోల్ఫ్ కర్ర)తో కొడితే హైదరాబాద్‌లో 150 గజాలు పోయే బంతి ఊటీలో 160, గుల్మార్గ్‌లో 162 పోతుంది. దూరంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. అసలు తిప్పలు బంతి దిగే తీరుతోనే. పలచని గాలిలో అది అంత పైకి లేవదు, నిటారుగా కాక ఏటవాలుగా దిగి గ్రీన్ (గుంత, జెండా ఉండే నున్నని గడ్డి నేల) దాటి దొర్లిపోతుంది. అందుకే జెండాకు కాక గ్రీన్ ముందుభాగానికి గురిపెట్టాలి. చలి వల్ల ఈ అదనపు దూరం కొంత తగ్గుతుంది కూడా. రాత్రి బంతుల్ని కారు డిక్కీలో వదలకుండా గదిలో పెట్టుకోండి. ఆట మధ్యలో కావాలని వెచ్చబెడితే మాత్రం నియమం తప్పినట్టే.

ఊటీలో పరీక్షంతా కాళ్ల కింద. కుడిచేతి వాటం వాళ్లకు బంతి పాదాలకన్నా ఎత్తులో ఉంటే ఎడమకు పోతుంది: గ్రిప్ ఒక అంగుళం కిందికి పట్టుకుని, గురి కాస్త కుడికి మార్చాలి. పల్లంలో ఉంటే దీనికి తలకిందులు, మోకాళ్లు ఇంకొంచెం వంచాలి. గ్రీన్ మూడడుగులు ఎత్తులో ఉంటే ఒక గజం కలుపుకోండి. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో వాలు చూపే మీటను పోటీలో ఆపేయాలి. ముళ్ల గోర్స్ పొదల్లో పడ్డ బంతిని వెతకడానికి మూడు నిమిషాలే, కాబట్టి అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర, డ్రైవర్, సంచిలో ఉంటేనే మేలు.

గుల్మార్గ్‌లో పరీక్ష ఊపిరికి. దిగిన రోజే పద్దెనిమిది హోళ్లు నడిస్తే చివరి నాలుగు హోళ్లకు స్వింగ్ చెదిరిపోతుంది. ముందు శ్రీనగర్‌లో, సుమారు 5,200 అడుగుల ఎత్తున, అమెరికా కోర్సు రూపకర్త రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్ రూపొందించిన రాయల్ స్ప్రింగ్స్ కోర్సులో ఒక రౌండ్ ఆడితే ఒంటికీ చేతికీ కొత్త ఎత్తు అలవాటవుతుంది. గ్రీన్ల మీద మాత్రం రెండుచోట్లా కళ్లను నమ్మొద్దు. వెనకున్న కొండ వాలు కళ్లను మోసం చేస్తుంది, సంచి మోసే క్యాడీ చెప్పిన గీత మీదే పట్ కొట్టండి, అంటే బంతిని గుంత వైపు దొర్లించండి.

మూడు రోజులే ఉంటే ఊటీ: కోయంబత్తూరుకు విమానం, అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు. జూన్ నుంచి ఆగస్టు దాకా వానలు. సొంత బండిలో పోతే ఈ-పాస్ తప్పనిసరి. అయిదారు రోజులుంటే మే నుంచి అక్టోబర్ లోపు కాశ్మీరే, నా ఓటు దానికే. జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు రహదారి శ్రీనగర్‌లోనే మొదలవుతుంది, అయినా ఆ ముచ్చటకు కారు తీయకండి, శంషాబాద్‌లో విమానమెక్కండి. మొదటి రౌండ్ ఎక్కడైనా మధ్య టీల (ప్రతి హోల్‌కు మొదటి దెబ్బ కొట్టే చోట్ల) నుంచే. వెనక టీలు రెండో రోజుకు.