మజ్దా ఊరు హిరోషిమా: చూడాల్సినవి, ఉండాల్సిన చోటు, నడపాల్సిన కారు

హిరోషిమా వెళ్లే మనవాళ్లలో చాలామంది పొద్దున ఒసాకాలో షింకన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కుతారు. గంటన్నరలో దిగి, శాంతి స్మారకం చూసి, మధ్యాహ్నం మియాజిమా దీవికి ఫెర్రీ పట్టుకుని, చీకటి పడేసరికి మళ్లీ ఒసాకా చేరిపోతారు. ఈ పద్ధతిలో ఆ ఊరి సగం కథ మిగిలిపోతుంది. మిగిలిన సగం స్టేషన్‌కి తూర్పున, లోకల్ రైల్లో రెండో స్టాపు ముకైనదాలో ఉంది. అక్కడే మజ్దా కంపెనీ ప్రధాన కార్యాలయం, దాని వెనకాల సముద్రం దాకా పరుచుకున్న ఫ్యాక్టరీ, ఆ ఫ్యాక్టరీ లోపలే మ్యూజియం. కార్ల మీద కాస్త ఇష్టం ఉన్నవాళ్లు దీనికోసం ఒక పూట కాదు, ఒక రోజంతా పెట్టుకోవాలని నా అభిప్రాయం.

మన దేశంలో మజ్దా కార్లు అమ్మలేదు. మనకు ఆ పేరు తెలిసింది స్వరాజ్ మజ్దా వ్యాన్ల వల్ల. 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి తేలికపాటి లారీలు చేసిన నాలుగు సంస్థల్లో అదొకటి. ఆ నాలుగింట్లోనే మన ఆల్విన్ నిస్సాన్ జహీరాబాద్‌లో ఉండేది. స్కూలు బస్సు మీద చదివిన ఆ పేరు వెనక ఇంత చరిత్ర ఉందని టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు చెప్పేదాకా నాకూ తెలియదు.

ముందు బుకింగ్ సంగతి. మ్యూజియం చూడటానికి డబ్బు అక్కర్లేదు, కానీ ఆన్‌లైన్‌లో ముందే సీటు తీసుకోవాలి. సాధారణంగా పని దినాల్లోనే చూపిస్తారు. మే మొదటివారం సెలవులు, ఆగస్టు మధ్యలో ఓబోన్ (పోయిన పెద్దల్ని తలుచుకునే పండుగ), కొత్త సంవత్సరం రోజుల్లో ఫ్యాక్టరీతో పాటు ఇదీ మూసేస్తారు. ఇంగ్లిష్‌లో చెప్పే టూర్ జపనీస్ టూర్ల కంటే తక్కువ, సీట్లు త్వరగా అయిపోతాయి. "అన్నయ్యా, ముందు మ్యూజియం డేట్ దొరకనీ, హోటల్, రైలు తర్వాత చూద్దాం" అన్నాడు తమ్ముడు. అలాగే చేశాం. మీరూ అలాగే చేయండి. హోటల్ ముందు తీసుకుని తర్వాత మ్యూజియం కోసం వెతికితే టెన్షన్ తప్పదు.

ప్రధాన కార్యాలయం లాబీలో అందరినీ పోగుచేసి, కంపెనీ బస్సులోనే లోపలికి తీసుకెళతారు. నడిచి వెళ్లే దూరం కాదు. బస్సు ఒక నది మీద వంతెన దాటుతుంది. 1965లో కంపెనీ తన సొంతానికి కట్టుకున్న వంతెన అది. అటువైపు దిగగానే రేవు. తయారైన కార్లు రోడ్డెక్కకుండానే ఓడలెక్కిపోతాయి. ఈ బస్సు ప్రయాణమే నాకు మ్యూజియం మొదటి గదిలా అనిపించింది.

కంపెనీ 1920లో పుట్టింది, కార్లతో కాదు, సీసా బిరడాల బెండుతో. పేరు తోయో కార్క్ కోగ్యో. మరుసటి ఏడాది పగ్గాలు పట్టిన జుజిరో మత్సుదా హిరోషిమా జాలరి కుటుంబంలో పుట్టి, ఒసాకాలో కమ్మరి పని నేర్చుకున్న మనిషి. బెండు వ్యాపారం దెబ్బతినడంతో యంత్ర పరికరాల వైపు మళ్లాడు. 1931లో మూడు చక్రాల చిన్న లారీ చేశాడు. దాని పేరు మజ్దా గో. ముందు మోటార్‌సైకిల్ హ్యాండిల్, వెనక సరుకు వేసే తొట్టి. మన ఊళ్లలో ట్రాలీ ఆటోలు చూసి పెరిగినవాళ్లకి దాని ముందు నుంచి కదలబుద్ధి కాదు.

1945 ఆగస్టు 6 జుజిరో డెబ్బయ్యో పుట్టినరోజు. ఊళ్లో బాంబు పడినప్పుడు ఫ్యాక్టరీకీ నగర కేంద్రానికీ మధ్య హిజియామా గుట్ట అడ్డంగా ఉండటంతో భవనాలు చాలావరకు నిలబడ్డాయి. గాయపడ్డవాళ్లకి అదే ఆస్పత్రి అయింది. కూలిపోయిన జిల్లా ప్రభుత్వ కార్యాలయం కూడా 1946 దాకా ఈ కంపెనీ భవనంలోంచే నడిచింది. 1945 డిసెంబరుకల్లా, అంటే బాంబు పడ్డ నాలుగు నెలలకు, మూడు చక్రాల బండ్లు మళ్లీ తయారవడం మొదలైంది. ఊరు తిరిగి కట్టుకోవడానికి మోత బండి కావాలి కదా. ముందురోజు శాంతి స్మారక మ్యూజియం చూసి ఉండటం వల్ల ఇది నన్ను గట్టిగా తాకింది. అందుకే ఆ వరుసలోనే చూడమంటాను: మొదటి రోజు స్మారకం, రెండో రోజు మజ్దా. స్మారకం చూశాక అదే పూట ఇంకేదీ పెట్టుకోకండి, మనసు రాదు.

1960లో వచ్చిన ఆర్360 కూపే వాళ్ల మొదటి ప్యాసింజర్ కారు. 356 సీసీ ఇంజను, చిట్టి శరీరం. దాన్ని చూసి ముందుకు కదలవచ్చు. ఆగాల్సింది రోటరీ ఇంజన్ల దగ్గర. నేను అక్కడ ఎంతసేపు ఉన్నానంటే గైడ్ వెనక్కి వచ్చి మర్యాదగా పిలిచింది.

సంగతేమిటంటే, 1960ల మొదట్లో చిన్న కార్ల కంపెనీలని పెద్దవాటిలో కలిపేయాలని జపాన్ ప్రభుత్వం ఆలోచిస్తోంది. ఇంకెవరి దగ్గరా లేనిది ఏదో ఒకటి మన దగ్గరుంటే తప్ప బతకలేమని జుజిరో కొడుకు త్సునేజి మత్సుదా అనుకున్నాడు. 1961లో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీ నుంచి వాంకెల్ ఇంజను, అంటే ఈ రోటరీ ఇంజను, హక్కులు కొన్నాడు. మామూలు ఇంజనులో పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకుంటాయి. దీనిలో గుండ్రటి మూలల ముక్కోణం ఒకటి గూడు లోపల తిరుగుతుంది. చిన్నగా, తేలిగ్గా, నున్నగా నడుస్తుంది. కానీ ఆ ముక్కోణం కొనల్లో ఉండే సీళ్లు గూడు గోడని గీకేసేవి, కొద్ది గంటలకే గోడ గీతలు పడి ఇంజను పాడయ్యేది. ఆ గీతల్ని దయ్యం గోళ్లు అన్నారు వాళ్లు. కెనిచి యమమోతో అనే ఇంజనీరు కింద 47 మంది దాని మీద కూర్చున్నారు. చివరికి కార్బన్, అల్యూమినియం కలిపిన సీల్‌తో దారి దొరికింది. 1967లో కాస్మో స్పోర్ట్ కారు అమ్మకానికి వచ్చింది. రెండు రోటర్ల (ఆ ముక్కోణాన్నే రోటర్ అంటారు) ఇంజనుతో అమ్మకానికి వచ్చిన కార్లలో ప్రపంచంలోనే మొదటి వరుసది. తెల్లగా, నేలకి ఆనుకుని, ఇవాళ చేసినట్టే ఉంది.

యమమోతో టోక్యోలో ఇంజనీరింగ్ చదివి, యుద్ధం ముగిశాక ఈ ఫ్యాక్టరీలో మూడు చక్రాల బండ్లకి గేర్‌బాక్సులు బిగించే పనిలో చేరినవాడు. ఆయనే 1984లో కంపెనీ అధ్యక్షుడయ్యాడు.

రోటరీకి పెట్రోలు దాహం ఎక్కువ. 1973 చమురు సంక్షోభంలో మజ్దా మునిగే దాకా వెళ్లింది. సుమితోమో బ్యాంకు ఆదుకుంది. ఫ్యాక్టరీ కార్మికుల్ని డీలర్ల దగ్గరికి కార్లు అమ్మడానికి పంపారు. 1979లో ఫోర్డ్ నాలుగో వంతు వాటా తీసుకుంది. చాలా కంపెనీలు ఈ దశలో రోటరీని అటకెక్కించేవి. మజ్దా 1978లో రోటరీతోనే ఆర్‌ఎక్స్-7 స్పోర్ట్స్ కారు తెచ్చింది.

ఇక 787బి. నారింజ, ఆకుపచ్చ రంగుల్లో, 55 నంబరుతో ఉన్న ఆ రేసు కారు 1991 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసు గెలిచింది. మరుసటి ఏడాది నుంచి నిబంధనలు మారి రోటరీకి చోటుండదని తెలిసి దిగిన రేసు అది. గెలిచిన ముగ్గురు డ్రైవర్లలో జానీ హెర్బర్ట్ చివరికి నీరసించి పడిపోయి, పోడియం ఎక్కలేకపోయాడు. జపాన్ కంపెనీకి అక్కడ అదే తొలి గెలుపు. రెండోది 2018లో టయోటాకి గానీ రాలేదు. ఆ కారు ముందు నిలబడితే కళ్లు చెమర్చాయి. నాలుగు రోటర్ల ఇంజను పక్కనే విడిగా ఉంటుంది, తప్పక చూడండి.

అసెంబ్లీ లైన్‌ని పై నడవా నుంచి చూపిస్తారు. అక్కడ ఫొటోలు తీయకూడదు. ఒకే లైన్ మీద చిన్న కారు వెనక పెద్దది, కుడి స్టీరింగ్ వెనక ఎడమ స్టీరింగ్ వస్తుంటాయి. పనివాళ్లు తడుముకోరు. టూర్ మొత్తం గంటన్నర పైచిలుకు. ఈ లైన్ దగ్గర ఇంకాస్త సమయం ఇచ్చి ఉంటే బాగుండేది. గైడ్లు నెమ్మదస్తులు, ప్రశ్నలు అడిగితే సంతోషిస్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, మధ్యలో విడిపోయి తిరగడం కుదరదు.

బస విషయానికి వస్తే, హిరోషిమా స్టేషన్ దక్షిణం వైపు ఉండమని గట్టిగా చెబుతాను. శాంతి వనం పక్కన హోటళ్లు ప్రశాంతంగా ఉంటాయి గానీ, పొద్దున్నే ముకైనదా రైలుకి రావాలంటే ముందు ట్రామ్ ఎక్కి రావాలి. ట్రామ్ సరదా ప్రయాణమే, బాంబు నాడు ఊళ్లో ఉన్న పెట్టెలు కొన్ని నేటికీ నడుస్తున్నాయి. కానీ టైముకి చేరాల్సిన పనికి అది నిదానం. మేం దిగిన బిజినెస్ హోటల్లో గది మరీ ఇరుకు, రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరవలేం. శాకాహారం అని ముందే రాసినా, పొద్దున టిఫిన్‌లో అన్నం, సలాడ్, పండ్లు తప్ప మాకు పనికొచ్చేది లేదు. అయినా స్టేషన్ దగ్గరగా ఉండటం వల్ల కలిసొచ్చిన సమయం ముందు అది నాకు చిన్న లోటే. మియాజిమాలో ఒక రాత్రి సంప్రదాయ సత్రంలో ఉండాలనుకుంటే వేరే సంగతి. దానికి బాగా ఖర్చవుతుంది, మజ్దా రోజుతో కలపకండి.

భోజనానికి ఒకోనోమియాకి తినాలి. పల్చని పిండి పొర మీద క్యాబేజీ, నూడుల్స్, గుడ్డు పేర్చి పెనం మీద ఒత్తి కాలుస్తారు. పంది మాంసం వద్దంటే తీసేస్తారు. అయితే పిండిలో, సాస్‌లో చేపల సారం ఉండే అవకాశం ఉంది, పూర్తి శాకాహారులు అడిగి తినాలి. ఒకోనోమిమురా అనే భవనంలో అంతస్తుల నిండా ఇవే కొట్లు. పర్యాటకుల రద్దీ ఎక్కువ, రుచి బాగుంది. స్టేషన్ దగ్గరి చిన్న కొట్లలోనూ అంతే బాగుంది, పైగా కూర్చోడానికి చోటు దొరికింది.

మ్యూజియంలో చూసినదాన్ని చేతులతో తెలుసుకోవాలంటే మజ్దా రోడ్‌స్టర్ అద్దెకు తీసుకోండి. 1989లో వచ్చిన ఈ రెండు సీట్ల కారుకి ఓకే చెప్పిన తరంలో యమమోతో కూడా ఉన్నాడు. 2016లో దీని తయారీ పది లక్షలు దాటింది, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడైంది ఇంకోటి లేదు. జపాన్‌లో 1.5 లీటర్ల ఇంజను, బరువు దాదాపు టన్ను. మన ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ అక్కడ చెల్లుతుంది, డ్రైవింగూ మనలాగే ఎడమ పక్కన. అన్ని అద్దె శాఖల్లో ఈ కారు ఉండదు, ఫోన్ చేసి మోడల్ ఖాయం చేసుకోండి. మేం ఒనోమిచి దాకా వెళ్లి, అక్కడి నుంచి షిమానమి కైదో వంతెనల మీదుగా ఇమాబరి వైపు నడిపాం. దీవి నుంచి దీవికి, ఇరవై మూడు డిగ్రీలు దాటని సముద్రపు గాలి, తల మీద కప్పు లేదు. దారిలో తతారా వంతెన 1999లో కట్టినప్పుడు 890 మీటర్ల మధ్య భాగంతో, స్తంభాల నుంచి నేరుగా దిగే తీగలు మోసే (కేబుల్-స్టేడ్) వంతెనల్లో ప్రపంచంలో పొడవైనది. మామూలు వేగంలోనే స్టీరింగ్ తిప్పిన కొద్దీ కారు ఎలా వంగుతుందో నడుము దగ్గర తెలుస్తుంది. ఇది చేయడానికే ఇంజనీర్లు అన్నేళ్లు తంటాలు పడ్డారని అప్పుడు నమ్మాను. టోల్ చార్జీలు తక్కువేం కాదు. డిక్కీలో రెండు చిన్న బ్యాగులే పడతాయి, పెద్ద సామాను హోటల్లో వదిలేయండి.

నగోయాలోని టయోటా స్మారక మ్యూజియం కూడా చూశాం. టికెట్ ఉంది, బుకింగ్ తలనొప్పి లేదు, నగోయా నుంచి ఒక స్టాపే, శనివారం కూడా వెళ్లవచ్చు. పాత మగ్గాల దగ్గర నుంచి కార్ల దాకా యంత్రాలు నడిపి చూపిస్తారు. పిల్లలకి, మొదటిసారి చూసేవాళ్లకి అదే మేలు. విస్తీర్ణంలో, వివరంలో టయోటాదే పైచేయి. కానీ అక్కడ నేను ఒక గొప్ప పరిశ్రమని చూశాను. హిరోషిమాలో ఒక ఊరు తన కంపెనీని కాపాడుకోవడం చూశాను. 1970ల కష్టకాలంలో మజ్దా కార్లే కొందామని స్థానిక వ్యాపారులు జట్టు కట్టారు. అదే కాలంలో, 1975లో, మజ్దా వాటా ఉన్న హిరోషిమా తోయో కార్ప్ బేస్‌బాల్ జట్టు మొదటిసారి లీగ్ గెలిచింది. యుద్ధం తర్వాత ఊరి జనం చందాలేసి నిలబెట్టిన జట్టు అది. పేరులోని తోయో ఈ కంపెనీ పాత పేరే.

ముకైనదా రైల్లోంచి వాళ్ల స్టేడియం కనిపిస్తుంది. మార్చి చివర నుంచి సెప్టెంబరు దాకా వెళ్లేవాళ్లు ఒక సాయంత్రం మ్యాచ్ పెట్టుకోండి. టికెట్లు సీజన్ మొదట్లోనే చాలావరకు అయిపోతాయి, ఆట ఉన్న రోజుల్లో స్టేషన్ చుట్టూ గదుల రేట్లు కూడా పెరుగుతాయి. కాబట్టి మ్యూజియం తేదీ, మ్యాచ్ తేదీ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఆ తర్వాతే గది తీసుకోండి.