గేమ్ ఆఫ్ థ్రోన్స్: చివరి సీజన్‌లో తప్పిన నడక

2011లో మొదలైన టీవీ సిరీస్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ను మళ్లీ మొదటి నుంచి వరుసగా చూస్తూ వచ్చి, 2019 నాటి ఎనిమిదో సీజన్‌ను గత వారం ముగించాను. తొలిసారి చూసినప్పుడు కలిగిన అసంతృప్తికి ముగింపు నచ్చకపోవడమే కారణమనుకున్నాను. ఇప్పుడు ముగింపుతో నాకు పెద్ద పేచీ లేదు. కథ అక్కడికి చేరిన తీరుతోనే ఉంది.

మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు ఉండగా, ఏడోదానికి ఏడు, చివరిదానికి ఆరే మిగిలాయి. అయితే చివరి నాలుగూ గంటకు మించిన నిడివి గలవే కాబట్టి, సమయం చాలకపోవడం కన్నా దాన్ని పంచిన పద్ధతిలోనే లోపం ఎక్కువగా కనిపిస్తుంది. యుద్ధరాత్రి ఎపిసోడ్‌కు 82 నిమిషాలు కేటాయించారు (ఆ చీకట్లో ఎవరు ఎవరిని నరుకుతున్నారో పోల్చుకోవడానికే నాకు సగం సమయం పట్టింది). ఏళ్ల తరబడి పెంచిన పాత్రల మనసు మారడానికి మాత్రం ఒకటి రెండు సన్నివేశాలే దక్కాయి.

యోధుడు జేమీ సంగతే చూడండి. తనను బందీగా తీసుకెళ్తున్న యోధురాలు బ్రియెన్ వెంట అతడు రాజధానికి చేరడానికి మూడో సీజన్ అంతా పట్టింది. దారిలో చెయ్యి పోగొట్టుకుని, ఆవిరి కమ్మిన స్నానాల గదిలో నీళ్లలో కూర్చుని, తన కాపలాలో ఉన్న ‘పిచ్చిరాజు’ను తానెందుకు చంపాడో ఆమెకు చెప్పుకునేసరికి, అంతవరకు అసహ్యించుకున్న మనిషి మీద మనకే జాలి పుడుతుంది. చివరి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో ఆ ఇద్దరూ దగ్గరవడం, అతడు రాత్రివేళ తన కవల సోదరి, ప్రియురాలు కూడా అయిన రాణి సెర్సీ కోసం బయల్దేరడం, బ్రియెన్ వాకిట్లో నిలబడి ఏడవడం అన్నీ జరిగిపోతాయి. వెళ్లిపోవడం అతడి స్వభావానికి తగినదే కావచ్చు, కానీ అతడి లోపలి పెనుగులాటను మనం చూడనేలేదు.

సింహాసనం తనదేనంటూ డ్రాగన్లతో వచ్చిన డెనేరిస్ విషయంలో నష్టం ఇంకా పెద్దది. మోకరిల్లనన్న తండ్రీకొడుకులను ఆమె ఏడో సీజన్‌లోనే దహించింది కనుక, ఆ క్రూరత్వం కొత్తదేమీ కాదు. అయినా రాజధాని నగరం లొంగినట్టు గంటలు మోగాక, డ్రాగన్‌పై కూర్చున్న ఆమె ముఖాన్ని కొద్ది క్షణాలు చూపించి, ఆ వెంటనే జనం మీద నిప్పు కురిపించడంతో, ఆ నిర్ణయం ఆమెది కాదు, రచయితలదే అనిపిస్తుంది.

ఈ సీజన్‌లో నేను మళ్లీ చూసేది రెండో ఎపిసోడ్ ఒక్కటే. జేమీ కత్తితో బ్రియెన్ భుజాలను తాకి ఆమెను నైట్‌ను (బిరుదు పొందిన వీరయోధురాలిని) చేస్తాడు, ఆమె ముఖంలో నవ్వు మెల్లగా విచ్చుకుంటుంది. యుద్ధానికి ముందు రాత్రి కొందరు చలిమంట దగ్గర చేరి మాట్లాడుకోవడం తప్ప ఆ ఎపిసోడ్‌లో జరిగేది చాలా తక్కువ.