కేబుల్ తీసేసిన మూడేళ్లకు: అమ్మ చదువుకునే టీవీ

మా ఇంట్లో కేబుల్ కనెక్షన్ తీసేసి మూడేళ్లు దాటింది. జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే ఒక మీడియా సర్వర్, అంటే మన దగ్గరున్న సినిమాలను దాచి టీవీకి పంపే కంప్యూటరు, నడుపుతున్నాను. దానికి తోడు రెండు ఓటీటీ చందాలు ఉన్నాయి. జెల్లీఫిన్ ఎలా పెట్టుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఒక్క సంగతి గురించే: తెలుగు సబ్‌టైటిళ్లు.

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. బొబ్బిలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయింది. చెవులు మందగించి పదేళ్లయింది. వినికిడి యంత్రం పెట్టుకుంటే ఎదుట కూర్చున్న మనిషి మాట తెలుస్తుంది కాని, టీవీలో సంగీతంతో కలిసి వచ్చే మాట తెలియదు. కేబుల్ ఉన్న రోజుల్లో సౌండు అరవై దాటించి పెట్టుకునేది. తర్వాత తర్వాత అది కూడా మానేసింది. తెర వైపు చూస్తూ కూర్చునేది, మేము నవ్వితే తానూ నవ్వేది. అది గమనించిన రోజే నాకు కేబుల్ మీద మనసు విరిగింది. వందల ఛానళ్లకు నెలనెలా డబ్బు కట్టాము. ఆమె చదువుకోవడానికి తెర కింద ఒక్క వరుస తెలుగు వేసిన సీరియల్ గాని సినిమా గాని మాకు కనబడలేదు. వినికిడి లోపం ఉన్నవారి కోసం టీవీ కార్యక్రమాలు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు మన దేశంలో 2019లోనే వచ్చాయి.

ఓటీటీకి మారితే ఈ బాధ తీరుతుందనుకున్నాను. మొదటి నెలలో బంధువులందరికీ అదే చెప్పాను కూడా. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. సబ్‌టైటిళ్లు ఉన్న మాట నిజమే కాని, మేము చూసిన తెలుగు సినిమాలకు దాదాపు అన్నిటికీ వచ్చింది ఇంగ్లీషు. అవి తెలుగు రానివాళ్ల కోసం వేసినవి. తెలుగు బాగా వచ్చి, చెవులు వినబడనివాళ్లు కూడా ఉంటారు కదా! అమ్మకు ఇంగ్లీషు వస్తుంది, కాని ఆ వేగంతో చదవలేదు. చదివినా అది ఆమెకు సినిమా కాదు.

అందుకే సర్వర్ వైపు వచ్చాను. నాన్న కొని దాచిన పాత డీవీడీలు అరవై దాకా ఉన్నాయి, ఎక్కువ భాగం పౌరాణికాలు. వాటిని హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, ఒక్కొక్క దానికి తెలుగు సబ్‌టైటిళ్లు నేనే రాయడం మొదలుపెట్టాను. సబ్‌టైటిల్ ఫైలు అంటే పెద్ద విద్య ఏమీ కాదు: వరుస సంఖ్య, మాట మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం, దాని కింద ఆ మాట. అలాంటి వరుసలు మొదటి సినిమాకు 1,640 వచ్చాయి. రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే నెలన్నర పట్టింది.

ఆ సినిమా పెట్టిన సాయంత్రం మాత్రం గుండె జారిపోయింది. మా పాత టీవీలో తెలుగు వచ్చింది కాని, ఒత్తులన్నీ విడిపోయి వచ్చాయి. ‘కృష్ణా’ అన్న చోట ష ఒకచోట, దాని మీద పొల్లు, ఆ పక్కన ణా. అమ్మ కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, “ఇదేమి తెలుగురా, ఎవరు రాశారు ఇది?” అంది. నేనే రాశానని చెప్పడానికి నోరు రాలేదు. తప్పు ఫైలులో లేదు. అక్షరానికి ఒత్తును ఎక్కడ కూర్చోబెట్టాలో ఆ టీవీలోని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. జెల్లీఫిన్‌లో సబ్‌టైటిళ్లను సర్వరే బొమ్మలో కలిపి పంపే అమరిక ఉంది. అది పెడితే ఈసారి అక్షరాల బదులు వరుసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి. రెండు వారాలు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి చూస్తే, సర్వర్‌గా పెట్టిన పాత ల్యాప్‌టాప్‌లో తెలుగు ఫాంటే లేదు! నోటో సాన్స్ తెలుగు ఎక్కించాను, డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి, ఒత్తులు వాటి వాటి చోట కూర్చున్నాయి. ఆ తర్వాత అమ్మకు నాలుగైదు ఫాంట్లు చూపిస్తే, సిలికానాంధ్ర ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన మండలి ఫాంటు ఎంచుకుంది. పాఠ్యపుస్తకం అక్షరంలా ఉందట.

ఈ మూడేళ్లలో నేను మరచిపోలేనిది రాయబారం ఘట్టం. ఓపెన్‌ఏఐ వాళ్లు 2022లో విడుదల చేసిన విస్పర్‌తో మాటలను రాతలోకి మార్చి చూశాను. సమయాల వరకు బాగా పనికొచ్చింది గాని, తెలుగు మాటల్లో సగం నేనే దిద్దుకోవలసి వచ్చింది. పద్యాల దగ్గరైతే అది పూర్తిగా చేతులెత్తేసింది. నాకు వినబడినట్టు రాసి అమ్మకు చూపించాను. ఆమె ఒక ఉత్పలమాల దగ్గర వేలు పెట్టి, “పదో అక్షరం చూడు. ఇక్కడ కకారం ఉండాలి, నువ్వు తకారం వేశావు. యతి చెడింది” అంది. మళ్లీ విన్నాను. నిజంగానే ‘క’. ఆ పద్యం ఆమె చెవిన పడి ఎన్నేళ్లయిందో! ఉత్పలమాలలో పాదం మొదటి అక్షరానికి పదో అక్షరం జత కుదరాలి, అదే యతి. ఆ ఛందస్సు పట్టుకుని వినబడని మాటను సరిచేసింది. ఇప్పుడు పౌరాణికాలన్నిటికీ ప్రూఫు చూసేది ఆమే. ఎర్ర కలంతో కాగితం మీద దిద్ది ఇస్తుంది, నేను ఎక్కిస్తాను. ఇప్పటికి పదకొండు సినిమాలు అయ్యాయి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. డీవీడీ స్థాయి బొమ్మకు పాత ల్యాప్‌టాప్ చాలింది. ఫోనుతో 4కేలో తీసిన మా అమ్మాయి ఓణీల వేడుక మాత్రం ముక్కలు ముక్కలుగా ఆడింది. ఇంటెల్ వాళ్ల ఎన్100 చిప్పు ఉన్న చిన్న కంప్యూటరు పెట్టె కొన్నాక ఆ సమస్య పోయింది. మా ఫ్లాటు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గర. బాల్కనీ పక్కన పెట్టిన హార్డ్‌డిస్కు కనెక్టరు రెండో ఏడాదికే ఉప్పుగాలికి తుప్పు పట్టి, సినిమా మధ్యలో డిస్కు మాయమయ్యేది. లోపలి గదిలో బీరువా పక్కకు మార్చాను, రెండో డిస్కులో నకలు ఉంచుతున్నాను. తీరానికి దూరంగా సీతమ్మధార, మురళీనగర్ వైపు ఉండేవాళ్లకు ఇంత జాగ్రత్త అక్కర్లేదేమో.

కేబుల్ తీసేస్తే డబ్బు మిగులుతుందని కూడా మొదట్లో బంధువులతో అన్నాను, అదీ దిద్దుకోవాలి. ఇంటర్నెట్, రెండు చందాలు, డిస్కులు కలిపితే మాకు మిగిలింది లేదు. నా రాత్రుళ్లు లెక్కలోకి తీసుకుంటే ఖర్చే ఎక్కువ. తెలుగు టైపు చేయడం అలవాటుండి, ఇంట్లో చదువుకునే మనిషి ఉన్నారు కాబట్టి మాకు ఇది సరిపోయింది. రోజూ సీరియళ్లు, క్రికెట్ చూసే ఇంటికి కేబుల్ తీసేయమని నేను చెప్పలేను.

అమ్మకు ఒక్క లోటు మిగిలింది. అక్షయ తృతీయ నాడు సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం. ఆ రోజు తెల్లవారుజాము నుంచి కొండ మీది సంగతులు స్థానిక కేబుల్ ఛానల్లో చూడడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. అక్కడ మాటలు వినబడకపోయినా ఫరవాలేదు, చూస్తే చాలు ఆమెకు. ఓటీటీలో గాని, నా సర్వర్‌లో గాని అది లేదు. నిరుడు కింది అంతస్తు వాళ్లింటికి వెళ్లి చూసి వచ్చింది. ఈసారి ఆ ఒక్క నెలకు చందా కట్టించుకోమని కేబుల్ ఆపరేటర్‌ను అడిగాను. పాత పెట్టె అటక మీద నుంచి దింపి, తుడిచి పెట్టాను.