తీగలేని చేతి వాక్యూమ్: డెల్టా తేమలో రెండేళ్ళ వాడకం

పాలకొల్లు దగ్గర మా ఇంటికి మూడు వైపులా వరిచేలు, నాలుగో వైపున రైస్ మిల్లు ఉన్నాయి. సార్వా కోతలప్పుడు, మళ్ళీ దాళ్వా కోతలప్పుడు చేల మీద నుంచి నుసి వస్తుంది. మిగిలిన రోజుల్లో మిల్లు గొట్టం నుంచి ఊక బూడిద వచ్చి కిటికీల దోమతెరల మీద, సోఫా కుట్ల మధ్య, మా తాతగారి నాటి గుమ్మపు చెక్కడాల సందుల్లో పేరుకుంటుంది. చీపురుతో కొడితే అది లేచి, ఫ్యాను గాలికి ఒక చుట్టు తిరిగి, తిరిగి అక్కడే కూర్చుంటుంది. తడిగుడ్డ పెడితే చెక్కడాల్లో ముద్దగా దిగిపోతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్న మా అమ్మ ఉండడం వల్ల ఈ బూడిదను లేపకుండా తీసే సాధనం ఒకటి కావలసి వచ్చి, రెండేళ్ళలో రెండు చేతి వాక్యూమ్ క్లీనర్లు కొన్నాను. మొదటిది తెలియక కొన్నది, రెండవది దెబ్బ తిన్నాక కొన్నది.

మొదటిదాన్ని ఆన్‌లైన్‌లో, అట్టపెట్టె మీది అంకెను చూసి కొన్నాను. 16,000 పాస్కల్స్ అని దాని మీద బొటనవేలంత అక్షరాలతో అచ్చువేశారు. ఆ అంకె అబద్ధమని నేను అనను, కాని అది చెప్పే సంగతి వేరు. మూతిని పూర్తిగా మూసేసి, గాలి కదలకుండా చేసినప్పుడు లోపల ఒత్తిడి ఎంత తగ్గుతుందో ఆ అంకె చెబుతుంది; 16 కిలోపాస్కల్స్ అంటే గొట్టంలో నీటిని సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తుకు లాగగల బలం. కాని ధూళి కదలాలంటే గాలి కదలాలి, మూతి తెరిచాక నిమిషానికి ఎంత గాలి లోపలికి పోతుందన్నది ఆ అంకెలో ఎక్కడా లేదు. ఈ రెండింటినీ కలిపి లెక్కగట్టే కొలతను ఎయిర్ వాట్ అంటారు, చవక రకాల పెట్టెల మీద అది సాధారణంగా కనబడదు. చేపల చెరువుకు ఇంజను కొనే రైతు ఎవరైనా నీళ్ళు ఎంత ఎత్తుకు లాగుతుందని అడిగి ఊరుకోడు, గొట్టం నిండా పోస్తుందా లేదా అని కూడా అడుగుతాడు. నేను అడగలేదు.

బ్యాటరీ విషయంలోనూ అంతే. పెట్టె మీద 30 నిమిషాలు అని ఉంది, 6000 మిల్లీ ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఎంత విద్యుత్తు పడుతుందో చెప్పే కొలత) అని కూడా ఉంది. లోపల ఉన్నవి ఒక్కొక్కటి 2000 చొప్పున వరుసగా కలిపిన మూడు లిథియం అయాన్ సెల్లులు. సెల్లులను అలా వరుసగా కలిపినప్పుడు పెరిగేవి వోల్టులే గాని ఆంపియర్ అవర్లు కావు, కాబట్టి మూడు రెండువేలను కూడి ఆరువేలు అని రాయడం కొనేవాడి కళ్ళకు గంతలు కట్టడమే. సెల్లు ఒక్కింటికి 3.7 వోల్టుల చొప్పున మొత్తం 11.1 వోల్టులు, దాన్ని 2 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 22.2 వాట్ అవర్లు. మోటారు 120 వాట్లది. 22.2ను 120తో భాగించి 60తో గుణించండి, 11 నిమిషాలు వస్తుంది, మా ఇంట్లో గడియారం చూసినా అంతే వచ్చింది. ముప్పై నిమిషాలన్నది తక్కువ వేగంలో నడిపినప్పటి మాట, ఆ వేగానికి బూడిద కదలదు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే నేను ఈ లెక్క డబ్బు కట్టిన తరువాత వేసుకున్నానని మా ఇంటావిడ ఇప్పటికీ గుర్తు చేస్తూ ఉంటుంది.

ఇంతవరకూ చెప్పినవి ఏ ఊళ్ళో కొన్నవారికైనా ఎదురయ్యే సంగతులే. గోదావరి డెల్టాలో ఉన్నవారు వీటన్నిటికన్నా ముందు చూడవలసింది ఫిల్టరును. దాన్ని నీళ్ళతో కడిగి, 24 గంటలు ఆరబెట్టి, తిరిగి బిగించమని యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. వేసవిలో అయితే మా పెరటి దండెం మీద పూటలో ఆరిపోతుంది. శ్రావణమాసంలో, నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉప్పుడబ్బాలో ఉప్పు కూడా నీరు కారుతున్న సమయంలో, నేను దాన్ని కడిగి వసారాలో వేలాడదీసి, మర్నాడు పైపైన తాకి చూసి, ఆరిందనుకొని బిగించాను. ఫిల్టరు కాగితం లోపల మడతలు మడతలుగా ఉంటుంది, ఆ మడతల అడుగున తడి అలాగే ఉంది. స్విచ్చి నొక్కగానే తడిసిన గోనెసంచి వాసన గదంతా కొట్టింది. మా అమ్మ దగ్గుతూ అరుగు మీదకు వెళ్ళి కూర్చుంది. పది రోజుల తరువాత విప్పి చూస్తే మడతల మధ్య ఆవగింజల్లాంటి నల్లని బూజు చుక్కలు, వాటి చుట్టూ బూడిద తడిని పీల్చుకొని పూసిన సిమెంటులా గట్టిపడి ఉన్నాయి.

ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికా. పొడిగా ఉన్నప్పుడు విదిలిస్తే రాలిపోతుంది, తడి తగిలితే రంధ్రాలను మూసేస్తుంది. రంధ్రాలు మూసుకుపోయినప్పుడు మోటారు చప్పుడు సన్నబడి కీచుమంటుంది. బలం పెరిగిందని మనం సంతోషిస్తాం గాని, నిజానికి నెట్టవలసిన గాలి తగ్గిపోవడం వల్ల అది వృథాగా వేగం అందుకుంటుంది. మోటారును చల్లబరిచేది కూడా ఆ గాలే కాబట్టి కాసేపటికి వేడెక్కి ఆగిపోతుంది. నా యంత్రం అలా ఆగుతూ ఆగుతూ ఎనిమిదో నెలలో పూర్తిగా ఆగింది. అమ్మిన సంస్థకు ఫోను చేస్తే ఫిల్టరు విడిగా అమ్మబోమనీ, బాగు చేయించాలంటే విజయవాడ తీసుకురమ్మనీ చెప్పారు. బస్సు ఛార్జీలు, ఒక సెలవు లెక్క వేసుకొని ఆ ఆలోచన మానుకున్నాను.

రెండవదాన్ని భీమవరంలో ఒక దుకాణానికి స్వయంగా వెళ్ళి కొన్నాను. వెళ్ళేటప్పుడు మా కిటికీ గట్టు మీది బూడిదను కాగితంలో పొట్లం కట్టుకొని, తెల్ల జేబురుమాలు ఒకటి తడిపి పిండి పట్టుకెళ్ళాను. పొట్లం విప్పగానే కౌంటరు దగ్గరి కుర్రవాడు, "ఆయ్, విభూతి తెచ్చారేంటండి మాస్టారూ!" అన్నాడు. అయినా మర్యాదగల వాడు, ఒక పాత కుర్చీ దిండు ఇచ్చి దాని మీద పోసుకోమన్నాడు. మూడు యంత్రాలతో ఆ బూడిదను పీల్పించి, పీలుస్తున్నంతసేపూ వెనుక గాలి బయటికి వచ్చే చోట తడి రుమాలు అడ్డం పట్టాను. అన్నిటికన్నా ఎక్కువ పాస్కల్స్ రాసి ఉన్నది ముందు నుంచి తీసుకున్న బూడిదలో కొంత వెనుక నుంచి వదిలింది, రుమాలు మీద రూపాయి బిళ్ళంత బూడిదరంగు మచ్చ పడింది. రెండవది కొంచెం నయం. మూడవదాని దగ్గర రుమాలు తెల్లగానే ఉంది, దాన్నే తీసుకున్నాను.

మూడవదానిలో గాలిని మొదట సుడి తిప్పి, బరువైన ధూళిని డబ్బాలోనే రాల్చి, ఆ తరువాతే ఫిల్టరుకు పంపే ఏర్పాటు ఉంది. ఈ సుడి పద్ధతిని ఇళ్ళలోని వాక్యూమ్‌లకు కుదర్చడానికి బ్రిటన్ ఆవిష్కర్త జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు చేశాడంటారు. ఇప్పుడు అదే సూత్రం చవక యంత్రాల్లోనూ కనిపిస్తున్నది. సుడి సరిగ్గా పనిచేస్తే ఫిల్టరు మీద పడే బరువు తగ్గుతుంది, అంటే కడగవలసిన సార్లు తగ్గుతాయి, మా వంటి తేమ ప్రాంతంలో అదే ముఖ్యం. హెపా, అంటే అతి సన్నని ధూళిని కూడా ఆపే ఫిల్టరు, అన్న మాట దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. ఐరోపా ప్రమాణంలో హెచ్13 శ్రేణి అంటే పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన పరిమాణంలో ఉన్న కణాలను సైతం నూటికి 99.95 వంతులు ఆపాలి. హెపా రకం, హెపా తరహా అని తోకలు తగిలించి ఉంటే ఆ హామీ లేనట్లే. అయితే ఫిల్టరు ఎంత మేలైనదైనా దాని అంచున రబ్బరు చుట్టు వదులుగా ఉంటే ధూళి పక్కదారిన పోతుంది, కనుక శ్రేణి చదవడంతో సరిపెట్టుకోకుండా తడి రుమాలుతో చూడడమే మంచిది.

దీనికి 5,500 రూపాయలు ఇచ్చాను. బరువు 900 గ్రాములు. మా ఇంటావిడ మణికట్టుకు ఇదే ఎక్కువ, దోమతెరలు నాలుగు అయ్యేసరికి చెయ్యి మారుస్తుంది. బ్యాటరీ మరమేకులు విప్పకుండానే ఊడి వస్తుంది, విడిగా దొరుకుతుంది. ఛార్జింగుకు మామూలు టైప్ సి తీగ చాలు. ఫిల్టర్లు రెండు ఇచ్చారు, నేను అక్కడికక్కడే మరొకటి కొన్నాను. వానాకాలంలో ఒకటి యంత్రంలో, ఒకటి ఆరుతూ, ఒకటి బియ్యపు డబ్బా పక్కన సీసాలో మూతపెట్టి ఉంటుంది. కడిగినదాన్ని మూడు రోజుల వరకు ముట్టుకోము, మధ్యలో అవసరమైతే నీళ్ళు తగలనివ్వకుండా పాత పళ్ళ బ్రష్షుతో విదిలిస్తాము.

దోమతెరల మీద దీని పని చూసి తీరాలి. మెత్తని కుచ్చు మూతి తగిలించి పై నుంచి కిందికి ఒక్కసారి లాగితే బూడిద పట్టిన తెర మీద నల్లని చార తేలుతుంది, ఆ చార తెర అసలు రంగు. గుమ్మపు చెక్కడాల్లో సన్న మూతి వేలు పట్టని చోటికి కూడా పోతుంది. దీపావళి ముందు రోజుల్లో చేల నుంచి పచ్చదోమ లైట్లకు మూగి తెల్లవారేసరికి ట్యూబులైటు కింద గుప్పెళ్ళకొద్దీ రాలుతుంది. దాన్ని ఎత్తడానికి ఇంతకన్నా తేలికైన మార్గం లేదు, కాని డబ్బాను ఆ పూటే ఖాళీ చేయకపోతే మర్నాటికి కుళ్ళు వాసన వేస్తుంది. టీవీ మీద పరిచే నరసాపురం లేసు గుడ్డ దగ్గర మాత్రం జాగ్రత్త. మా ఇంటావిడ అల్లిన గుడ్డ అంచు మూతిలోకి పోయి రెండు పోగులు తెగాయి. ఇప్పుడు మూతికి ఉల్లిపాయల వల సంచి ముక్కను రబ్బరు బ్యాండుతో కట్టి వాడుతున్నాము.

ఇల్లంతా దీనితో ఊడవవచ్చనుకునే వారు కొనవద్దు. 1979లో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ డస్ట్‌బస్టర్ అనే పేరుతో తీగలేని చేతి వాక్యూమ్‌ను తెచ్చింది బల్లల మీది తునకలు, సందుల్లోని దుమ్ము ఎత్తడానికి. నేటికీ ఈ జాతి యంత్రాల పని అదే. నేలకు మాకు కొండచీపురే, వాకిలికి కొబ్బరి ఈనెల చీపురే. పొడి రకం యంత్రంతో నీళ్ళు, ఒలికిన పాలు పీల్చకూడదు. దేవుడి గదిలో అగరుబత్తి బూడిద పూర్తిగా చల్లారే వరకు దాన్ని దగ్గరికి రానివ్వకూడదు, ఒక్క నిప్పురవ్వ చాలు ఫిల్టరు కాగితానికి.

లిథియం సెల్లులకు వేడి పడదు. పని అయిన వెంటనే, బ్యాటరీ ఇంకా వెచ్చగా ఉండగానే ఛార్జింగుకు పెట్టకుండా అరగంట ఆగుతాము. ఊరికి వెళ్ళేటప్పుడు నిండా ఎక్కించకుండా సగంలో ఉంచుతాము. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఛార్జింగు పిన్నుల మీద పచ్చని చిలుము పడుతుంది, నెలకొకసారి పొడిగుడ్డతో తుడవాలి. పాడైన బ్యాటరీని చెత్తబండిలో వేయకండి, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే. నా పాత యంత్రపు బ్యాటరీని తీసుకోవడానికి భీమవరం దుకాణంవారు మొదట తటపటాయించారు గాని, నియమం పేరు చెప్పాక తీసుకున్నారు.

రెండవ యంత్రానికి పద్నాలుగు నెలలు నిండాయి. కొత్తలో పూర్తి వేగంలో 13 నిమిషాలు నడిచేది, మొన్న ఆదివారం గడియారం పెట్టి చూస్తే 11 నిమిషాలు నడిచింది. ఎనిమిది కిటికీలకు పది నిమిషాలు పడుతుంది.