స్టోరీగ్రాఫ్ సమీక్ష: కలిసి చదివిస్తుంది, ఏం చదవాలన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి

బుక్ క్లబ్బు నడిపేవారి నెత్తిన రెండు పనులుంటాయి. ఏ పుస్తకం చదవాలన్న విషయంలో అందరినీ ఒక మాట మీదికి తేవడం మొదటిది. ఆ పుస్తకాన్ని అందరూ ఇంచుమించు ఒకే కాలంలో, ముందు చదివినవారు వెనకబడినవారికి కథ చెప్పేయకుండా చదివేలా చూడడం రెండోది. మా చిన్న బృందానికి ఈ రెండు పనులూ తేలిక పడతాయన్న ఆశతో, చదివే పుస్తకాలను నమోదు చేసుకునే స్టోరీగ్రాఫ్ అనే యాప్ సేవను వాడడం మొదలుపెట్టాను. రెండో పనికి ఇంతకంటే చక్కని సాధనం నాకు ఇంతవరకు కనబడలేదు. మొదటి పనికి ఇది చేసేది సగం సాయమే. ఆ సగం కూడా దీని దగ్గర ఏది అడగాలో, ఏది అడగకూడదో తెలిసినవారికే దక్కుతుంది.

ఈ సేవను నాడియా ఒడునాయో అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు 2019లో ఆరంభించారు. ఇలాంటిదే అయి, చదువరుల మధ్య అప్పటికే స్థిరపడి ఉన్న గుడ్‌రీడ్స్ 2007లో మొదలై 2013లో అమెజాన్ చేతికి వెళ్లింది. అక్కడ ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పుస్తకాల జాబితాను ఒక ఫైలుగా దించుకుని స్టోరీగ్రాఫ్‌లోకి ఎక్కించుకునే వీలుంది గనుక, కొత్త చోట మళ్లీ మొదటినుంచి రాసుకోవాల్సిన పని సభ్యులకు తప్పుతుంది. కలిసి చదవడానికి కావలసిన ముఖ్యమైన సదుపాయాలన్నీ రుసుము లేకుండానే దొరుకుతాయి. ఎవరైనా ముందుగా డబ్బు కట్టాలంటే బృందంలో సగం మంది గడప దగ్గరే ఆగిపోతారు కాబట్టి, నిర్వాహకులకు ఇది చిన్న విషయం కాదు.

దీనికి ప్రాణం లాంటిది 'బడ్డీ రీడ్' అనే ఏర్పాటు. కొందరు స్నేహితులు ఒక పుస్తకాన్ని జతగా చదవడానికి కుదుర్చుకుంటే, చదువుతున్న చోట ఎవరైనా ఒక వ్యాఖ్య రాసి దాన్ని ఆ పేజీకో, పుస్తకంలో ఆ శాతానికో ముడివేయవచ్చు. తక్కినవారికి అక్కడ వ్యాఖ్య ఉందన్న సంగతి మాత్రమే తెలుస్తుంది. అందులో ఏముందో, తాము ఆ చోటికి చేరి తమ ప్రగతిని నమోదు చేసుకునేదాకా కనిపించదు. వినడానికి ఇదేమంత గొప్పగా అనిపించకపోవచ్చు. ఒక నవలలో అరవై రెండో శాతం దగ్గర మా సభ్యురాలు ఒకరు ఏదో రాశారని నలభైలో ఉండగానే నాకు తెలిసింది. తాళం వేసిన ఆ గడి నన్ను ఆ రాత్రి మరో నాలుగు అధ్యాయాలు చదివించింది. తీరా తెరిచి చూస్తే అందులో ఉన్నది ఒక్కటే వాక్యం: 'ఈవిడ అబద్ధం చెబుతోందని నాకు మొదటినుంచీ అనుమానమే.' అదే మాట మామూలు వాట్సాప్ గుంపులో వచ్చి ఉంటే ఆ పూటకు నా చదువు అక్కడితో సరి. వాట్సాప్‌లో పుస్తక చర్చ నడిపినవారికి ఈ బాధ కొత్త కాదు. 'ముగింపు గురించి ఎవరూ మాట్లాడకండి' అని నిర్వాహకులు పెట్టే హెచ్చరికే ముగింపులో ఏదో ఉందని చాటింపు వేస్తుంది.

పేజీ సంఖ్య కంటే శాతం మేలని ఈ సేవ మనకు త్వరగానే నేర్పుతుంది. ఒకరి చేతిలో గట్టి అట్ట ప్రతి, మరొకరి దగ్గర చిన్న అచ్చు ప్రతి, ఇంకొకరి ఫోనులో ఈ-బుక్, నడుస్తూ వినేవారికి ఆడియో పుస్తకం ఉన్నప్పుడు నూట ఇరవయ్యో పేజీ అనే మాటకు అర్థమే ఉండదు. శాతంలో చెప్పుకుంటే అందరూ దాదాపు ఒక చోట కలుస్తారు. ఆ 'దాదాపు' ఎందుకంటే, కొన్ని ప్రతులకు ముందు పొడవాటి పీఠికలు, వెనక నోట్సు, పదసూచిక ఉంటాయి. మూడు వందల పేజీల ప్రతిలో చివరి నలభై పేజీలు నోట్సే అయితే కథ ఎనభై ఏడో శాతం దగ్గరే అయిపోతుంది. అదే పుస్తకాన్ని నోట్సు లేని ఆడియోలో వింటున్నవారికి అప్పటికి ఇంకా ఎనిమిదో వంతు మిగిలి ఉంటుంది. కాబట్టి చరిత్ర, జీవితచరిత్ర, శాస్త్ర విషయాల పుస్తకాలు చదివేటప్పుడు వ్యాఖ్య మొదట్లోనే అధ్యాయం పేరు రాయమని సభ్యులను కోరడం మంచిది. నవలలకు ఆ జాగ్రత్త అంతగా అక్కరలేదు.

బృందం పెద్దదైతే 'రీడ్ఎలాంగ్' అనే మరో ఏర్పాటుంది. నిర్వాహకులు పుస్తకాన్ని విడతలుగా విడగొట్టి, ఒక్కో విడతకు ఒక్కో చర్చను పెట్టవచ్చు. విడత చదివి ముగించినవారికే దాని చర్చ తెరుచుకుంటుంది. విడతలు ఎక్కడ కోయాలన్నది యంత్రం చెప్పదు. సమాన భాగాలుగా కోయడం అందరూ చేసే పని, నా దృష్టిలో అనవసరమైన పని కూడా. మొదటి విడత అన్నిటికంటే చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే పుస్తకంలోకి ఇంకా దిగనివారికి ఆదిలోనే వెనకబడ్డామన్న బెంగ కలిగితే తిరిగి రారు. చివరి విడత కాస్త పెద్దదైనా ఫరవాలేదు. అప్పటికి కథే లాక్కుపోతుంది. విడత ముగింపు కూడా ఒక మలుపు అయ్యాక కాకుండా, మలుపుకు కొంచెం ముందు పడితే చర్చ రక్తి కడుతుంది, ఏం జరగబోతుందో తలా ఒక మాట అంటారు కనుక.

ఇక ఆ చర్చల్లో ఏమి అడగాలన్నది. ఇందుకు 1947లో స్థాపితమైన, పుస్తక చర్చలను ప్రోత్సహించే అమెరికా సంస్థ గ్రేట్ బుక్స్ ఫౌండేషన్ వారి పద్ధతి నాకు ఎంతో అక్కరకు వచ్చింది. చర్చ నడిపేవారు తమకు నిజంగా జవాబు తెలియని ప్రశ్ననే అడగాలని, జవాబుకు ఆధారం ఆ పుస్తకంలోనే వెతకాలని వారి ప్రధాన సూత్రం. పుస్తకాల చివర ప్రచురణకర్తలు అచ్చువేసే 'చర్చకు ప్రశ్నలు' చాలావరకు పరీక్ష పేపర్లలా ఉంటాయి. వాటికి సభ్యులు మర్యాదకు జవాబు చెబుతారే గాని వాదించుకోరు. తాళం పడిన గడిలో నిజమైన సందేహం ఒక్కటి పెడితే, అక్కడికి చేరినవారు ఒకరి తరవాత ఒకరు వచ్చి దాని కింద రాస్తూ పోతారు.

ఇక్కడిదాకా ప్రశంసే. పుస్తకం ఎంపిక దగ్గరికి వచ్చేసరికి సమీక్షకురాలిగా నా స్వరం కొంత మారక తప్పదు.

ఈ సేవలో పావు నక్షత్రం దాకా తేడాతో రేటింగు ఇచ్చే వీలుంది. గుడ్‌రీడ్స్‌లో నిండు నక్షత్రాలే ఇవ్వాలి గనుక చాలామంది దీన్ని గొప్ప మెరుగుదలగా చెబుతారు. బృందంగా చదివేవారికి ఈ సూక్ష్మత వల్ల ఒరిగేది తక్కువ. నాలుగున్నర నక్షత్రాల పుస్తకమంటే చదివినవారిలో ఎక్కువమందికి నచ్చిందని మాత్రమే అర్థం. అందరికీ నచ్చిన పుస్తకం మీద చర్చ ఎలా ఉంటుందో తెలిసినదే: 'చాలా బాగుంది', 'నాకూ నచ్చింది', ఆ తరవాత మౌనం. గంటసేపు మాట్లాడించే పుస్తకం సాధారణంగా కొందరికి ప్రాణం, కొందరికి చికాకు అయి ఉంటుంది. కనుక సగటును వదిలిపెట్టి రేటింగుల విస్తరణ చూడాలి. నాలుగు, అయిదు నక్షత్రాలతో పాటు ఒకటి, రెండు కూడా గణనీయంగా పడిన పుస్తకం మన బృందానికి దొరికిన నిధి.

అంతకంటే పనికొచ్చేవి సభ్యులు పుస్తకానికి తగిలించే లక్షణాలు. పుస్తకం స్వభావం ఎలాంటిది, అంటే ఆలోచింపజేసేదా, ఉద్వేగభరితమా, చీకటి నిండినదా, సరదాదా. నడక మందమా, మధ్యస్థమా, వేగమా. కథను నడిపేది సంఘటనలా పాత్రలా. పాత్రలు మనసుకు దగ్గరయ్యేవేనా, వాటి లోపాలే కథకు కేంద్రమా అనే ప్రశ్నలకు చదివినవారు ఇచ్చిన జవాబులు శాతాలుగా కనిపిస్తాయి. ఇవి ఎంపికకు కాదు, వడపోతకు ఉపకరిస్తాయి. మూడు మందగమనపు పుస్తకాలు వరసగా చదివిన బృందానికి నాలుగోసారి వేగంగా సాగేది కావాలని అడిగే హక్కుంది. పాత్రలు మంచివా కావా అన్న ప్రశ్నకు జవాబులు చీలిపోయిన పుస్తకమైతే నేను మరో ఆలోచన లేకుండా ప్రతిపాదనల్లో చేరుస్తాను.

బాధ కలిగించే విషయాల గురించిన ముందస్తు హెచ్చరికలు కూడా ఇందులో తీవ్రం, మధ్యస్థం, స్వల్పం అనే మూడు స్థాయిలుగా ఉంటాయి. వీటిని నిర్వాహకులు తామొక్కరే చూసి ఊరుకోకుండా ఓటుకు ముందే అందరికీ అందుబాటులో పెట్టాలని నా అభిప్రాయం. ఇటీవలే ఆప్తులను పోగొట్టుకున్నవారు మరణశయ్య చుట్టూ తిరిగే నవలకు ఎందుకు దూరంగా ఉంటున్నారో నలుగురిలో చెప్పుకోవాల్సిన అవసరం రాకూడదు.

వడపోశాక మిగిలిన అయిదారు పుస్తకాల్లో ఒకదాన్ని తేల్చడానికి ఓటు పెట్టడం పరిపాటి. ఒక మనిషికి ఒక ఓటు అనే పద్ధతి ఎంత న్యాయంగా కనిపించినా బుక్ క్లబ్బుకు సరిపడదు. పన్నెండు మంది సభ్యులు, అయిదు పుస్తకాలు అనుకుందాం. ఓట్లు నాలుగు, మూడు, రెండు, రెండు, ఒకటిగా పడితే నాలుగు ఓట్లు వచ్చిన పుస్తకం గెలుస్తుంది. అంటే ఎనిమిది మంది ఎంచుకోని పుస్తకాన్ని పన్నెండు మందీ చదవాలి. ఈ చిక్కు మనం కనిపెట్టింది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలోనే ఫ్రెంచి గణితజ్ఞుడు బోర్డా ప్రతి ఒక్కరూ అభ్యర్థులను వరసక్రమంలో పేర్చి మార్కులు వేసే పద్ధతిని సూచించాడు. అదే దేశపు మరో గణితజ్ఞుడు కాండోర్సే 1785లో అలాంటి వరసల నుంచి కూడా ఒక్కోసారి తలాతోకా లేని ఫలితం రాగలదని చూపించాడు: ఎక్కువమంది మొదటిదాన్ని రెండోదానికంటే, రెండోదాన్ని మూడోదానికంటే, మూడోదాన్ని మళ్లీ మొదటిదానికంటే ఇష్టపడవచ్చు. అమెరికా పరిశోధకులు స్టీవెన్ బ్రామ్స్, పీటర్ ఫిష్‌బర్న్ 1978లో విశ్లేషించిన ఆమోద ఓటింగు మా వంటి బృందాలకు అతికినట్టు సరిపోయింది. ఎవరికి వారు తాము చదవడానికి సిద్ధపడే పుస్తకాలన్నిటికీ టిక్కు పెడతారు, ఎక్కువ టిక్కులున్నది గెలుస్తుంది. పుస్తకం గెలిచిందంటే ఎక్కువమంది దాన్ని కనీసం తెరుస్తారన్న భరోసా ఉంటుంది, క్లబ్బుకు కావలసింది అదే. ఇందుకు చేతులెత్తడం చాలు, యాప్ అక్కరలేదు.

ఈ పద్ధతికి ఒక లోటుంది, దాచడం ధర్మం కాదు. అందరికీ సమ్మతమైన పుస్తకాలే గెలుస్తూ పోతే బృందం క్రమేణా మధ్యేమార్గపు పుస్తకాలకు అలవాటు పడుతుంది. ఎవరికీ అభ్యంతరం లేని పుస్తకం ఎవరినీ కదిలించనిదీ కావచ్చు. అందువల్ల నాలుగు పుస్తకాల్లో ఒకటి ఓటు లేకుండా, వంతులవారీగా ఒక సభ్యుడో సభ్యురాలో నిర్ణయించాలని నియమం పెట్టుకోవడం మంచిది. 1996లో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ తన టెలివిజన్ పుస్తక క్లబ్బును ఆరంభించినప్పుడు పుస్తకాన్ని ఎంచింది ఆమె ఒక్కరే, అయినా లక్షలమంది చదివారు. ఒకరి గట్టి అభిరుచికి పదిమంది రాజీకి లేని ఆకర్షణ ఉంటుంది. ఆ వంతులో వచ్చిన పుస్తకం ఎవరికైనా బొత్తిగా పడకపోతే వదిలేసే స్వేచ్ఛ ఉండాలి. గ్రంథపాలకురాలు నాన్సీ పర్ల్ చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: యాభై పేజీలు చదివి చూడండి, నచ్చకపోతే వదిలేయండి, యాభై ఏళ్లు దాటినవారు నూటిలోంచి తమ వయసును తీసివేసి మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. స్టోరీగ్రాఫ్‌లో 'చదవడం ఆపేశాను' అనే గుర్తుకు విడిగా చోటుంది. ఆ గుర్తు పెట్టినవారు సమావేశానికి వచ్చి ఎక్కడ, ఎందుకు ఆపారో చెబితే, పూర్తి చేసినవారి మెచ్చుకోళ్ల కంటే చర్చకు అదే ఎక్కువ ఊపిరి పోస్తుంది.

కొన్ని పరిమితులను క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లీషు కాని భాషల పుస్తకాలకు లక్షణాలు తగిలించేవారు తక్కువ. ముగ్గురు చెప్పిన జవాబు శాతాల్లో చూస్తే వంద మంది చెప్పినట్టే కనిపిస్తుంది గనుక, కింద ఎంతమంది సమీక్షించారన్న అంకె చూడకుండా నమ్మరాదు. జాబితాలో లేని పుస్తకాన్ని మనమే చేర్చుకోవచ్చు గాని, రచయిత పేరు అక్షరక్రమం విషయంలో బృందంలో ముందే ఒక మాట అనుకోకపోతే ఒకే పుస్తకం రెండుగా తయారవుతుంది. తాళాల పద్ధతి నెమ్మదిగా చదివేవారికి వరమైనా, ఒక్క రాత్రిలో పుస్తకం ముగించేవారికి ఒంటరితనమే. తమ వ్యాఖ్యలకు జవాబులు వారాల తరవాత వస్తాయి. యాప్ వాడనంటే వాడనని భీష్మించే సభ్యులు ప్రతి బృందంలోనూ ఒకరిద్దరుంటారు. విడతల పట్టికను కాగితం మీద రాసి వారి చేతికివ్వండి, తాళాల్లోని ప్రశ్నలను సమావేశంలో చదివి వినిపించండి.

పదిహేను మంది లోపు సభ్యులుండి, తలా ఒక వేగంతో చదివే బృందాలకు ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. అందరూ ఒకే గదిలో కూర్చుని గట్టిగా చదువుకునే బృందాలకు దీనితో పని లేదు. వాడేవారు ఏడాదికి ఒకసారైనా తమ జాబితాను ఫైలుగా దించి దాచుకోవాలి, అందుకు వీలుంది. క్లబ్బు ఏమేమి ప్రతిపాదించి ఓటులో ఓడించిందో ఆ ఫైలులో ఉండదు కాబట్టి, ఆ ఓడిన పుస్తకాల పట్టికను మాత్రం నిర్వాహకులు విడిగా రాసిపెట్టుకోవడం మేలు. మరుసటి ఏడాది ప్రతిపాదనలు కరువైనప్పుడు మొదట చూడవలసింది దాన్నే.